ఒకే ఒక్క కొత్త రాయి

మొదటి నెల

పురావస్తు శాఖలో కట్టడాల సంరక్షణ పనికి కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: మొదటి నెల ఏమీ చేయకండి. గుడి చుట్టూ తిరగండి. నీడ చూసుకుని కూర్చోండి. వాన పడితే నీళ్లు ఎటు జారుతున్నాయో చూడండి. ఊళ్లోవాళ్లు ఆ గుడిని ఏమని పిలుస్తారో, ఏ వేళకు అక్కడికి వస్తారో కనుక్కోండి. చేతులు దురద పెడతాయి, పెట్టనివ్వండి. పాత కట్టడాలకు ఎండా వానా చేసిన చేటు ఉంది గానీ, జీతం తీసుకుంటూ మనం చేసిన చేటు అంతకు తక్కువేం కాదు.

నేను చేరినప్పుడు ఈ మాట చెప్పినవాళ్లు లేరు. చెప్పినా వినే రకం కాదు నేను. మాది జనగామ. సివిల్ డిప్లొమా చేతబట్టుకుని రోడ్లు వేస్తాను, వంతెనలు కడతాను అని కలలు కంటుంటే పాత గుళ్లు బాగుచేసే ఉద్యోగం వచ్చింది. "గుళ్లె కొలువు" అనగానే మా అవ్వ నన్ను పూజారిని చేశారనుకుని రెండు వారాలు ఇంట్లో కోడికూర వండనివ్వలేదు. అసలు సంగతి ఆమెకు అర్థమయ్యేసరికి నేను బాగా చిక్కిపోయాను.

ముప్పై మూడేళ్లు చేశాను. ఇప్పుడు జనగామ, మహబూబాబాద్ (అదే మా మానుకోట), భూపాలపల్లి అని విడివిడి జిల్లాలయ్యాయి గానీ అప్పుడన్నీ ఒకటే జిల్లా, అంతా నా తిరుగుడే. ప్రమోషన్లు ఎప్పుడెప్పుడు వచ్చాయో సర్వీసు పుస్తకం చూసి చెప్పాలి. రాళ్ల సంగతి మాత్రం చూడకుండా చెప్పగలను. అందుకే ఇక్కడ రాళ్ల గురించే రాస్తున్నాను. అందులో రెండు నా తప్పులు. ముందు పెద్ద తప్పు చెబుతాను, అప్పుడు మిగతాది మీరు నమ్ముతారు.

సిమెంటు మీద ప్రేమ

పెద్దవంగర వైపు ఒక ఊళ్లో చిన్న శివాలయం. కాకతీయుల నాటిది. ఒక పక్క గోడ కాస్త ఒరిగి ఉండేది. ఎన్ని వందల ఏళ్లుగా ఒరిగి ఉందో గానీ పడలేదు. నేను వెళ్లాను కదా, ఇక ఒరిగి ఉండటానికి వీల్లేదనుకున్నాను.

ఆ కాలం మేస్త్రీలు పునాదికి గొయ్యి తవ్వి ఇసుకతో నింపి, దాని మీద గుడి కట్టేవారు. నేల కదిలితే ఇసుక సర్దుకుంటుంది, దాంతోపాటు గుడి కూడా కాస్త సర్దుకుని కూర్చుంటుంది. నాకు అది చదువులో చెప్పలేదు. పునాది తవ్వి చూస్తే ఇసుక కనిపించింది. "ఇసుక మీద గుడి ఏమిటి" అని నవ్వుకుని ఆ పక్కంతా ఇసుక తోడించి కాంక్రీటు పోయించాను. ఆ ఊపులోనే గోడలకు యాసిడ్ పెట్టి కడిగించాను. లోపల నున్నటి టైల్స్ వేయించాను. గడపకు పసుపు రంగు, అంచుకు ఎర్ర రంగు. అధికారులు వచ్చి చూసి వీపు తట్టారు. ఫోటోలు తీశారు. నేను ఆ ఫోటోల్లో కడుపు లోపలికి పీల్చి నిలబడ్డాను.

రోజూ మధ్యాహ్నం ఆ గుడి అరుగు మీద నడుం వాల్చే ముసలావిడ ఒకామె ఉండేది. ఆమె వచ్చి చెప్పులు విడిచి, లోపలికి తొంగి చూసి, మళ్లీ చెప్పులు వేసుకుంది.

"మా గుడి ఏడవెట్టినవ్ బిడ్డా?" అని అడిగింది.

"ఇదే కద అవ్వా. మంచిగ చేసినం."

"గిదా? గిది మానుకోట బ్యాంకు తీరుగున్నది. గీడ ఎవలు పండుకుంటరు?"

నేను నవ్వేశాను. ఆ వానాకాలం గోడ నిలువునా పగిలింది. కాంక్రీటు పోసిన పక్క కదల్లేదు, ఇసుక ఉన్న పక్క ఎప్పటిలాగే కాస్త సర్దుకుంది, మధ్యలో రాయి తట్టుకోలేకపోయింది. చేయి దూరేంత పగులు. మాతో పనిచేసే రాతిమేస్త్రి కొమురయ్య ఆ పగుల్లో చేయి పెట్టి చూసి, నా మొహం చూడకుండా చెప్పాడు.

"ఇసుక కదులుతది సారూ. కదిలి మల్ల కూసుంటది. నువ్వు కదలకుండ వట్టుకున్నవ్."

ఆయనకు పని మొదలైనప్పుడే ఇది తెలుసు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు అడిగితివా?" అన్నాడు. అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా మొదట కొమురయ్యనే అడిగేవాణ్ణి. నాకు సిగ్గుగా అనిపించిన రోజులు ఉద్యోగంలో చాలా ఉన్నాయి గానీ ఆ పగులు ముందు నిలబడిన రోజు అన్నిటికంటే ఎక్కువ సిగ్గు పడ్డాను.

విశ్వనాథం గారు

తెలంగాణ ఉద్యమం మంచి కాక మీదున్న రోజుల్లో మాకు పై అధికారిగా విశ్వనాథం గారు వచ్చారు. కోస్తా మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆయన్ని ఈ రోజుల్లో ఇక్కడికెందుకు వేశారో అని మేం జాలి పడ్డాం. ఎక్కడ రాస్తారోకో జరిగినా మా జీపు ఆగిపోయేది. పిల్లలు వచ్చి కిటికీలో తల పెట్టి "జై తెలంగాణ అను సార్, పోనిస్తం" అనేవాళ్లు. ఆయన ఒక్కసారి కూడా చిరాకు పడలేదు. అద్దం పూర్తిగా దించి, వాళ్ల మొహం చూసి, "జై తెలంగాణ అండీ" అనేవారు. ఆ 'అండీ'కి వాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. ఒకచోట టీ కూడా ఇచ్చి పంపారు.

ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే ఆయనతో నేను ఏడాదిన్నర పోట్లాడాను.

గూడూరు దాటి అడవి మొదలయ్యే చోట ఒక పాత గుడి ఉంది. ఊరి పేరు రాయను, అక్కడివాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. గర్భగుడి బాగానే ఉంది గానీ ముందు మండపంలోకి చెట్ల వేళ్లు దూరి రాళ్లన్నీ ఎడం చేసేశాయి. మండపం మొత్తం విప్పి, వేళ్లు తీసి, మళ్లీ పేర్చాలి. అందులో మాకు గొడవ లేదు. ఎలా పేర్చాలన్న దగ్గరే మొదలైంది.

"ఇక్కడికి జనం రావాలయ్యా," అనేవారు విశ్వనాథం గారు. "విరిగిన రాళ్లు చూడ్డానికి పిల్లాపాపలతో ఎవరొస్తారు? కొత్త గ్రానైటు స్తంభాలు నిలబెడదాం. పాలిష్ పట్టిద్దాం. రంగు లైట్లు పెడదాం. నాలుగు కార్లు వస్తే ఊళ్లో నాలుగు కొట్లు వెలుస్తాయి."

"అప్పుడు వాళ్లు చూసేది మన గ్రానైటు సార్, గుడి కాదు," అనేవాణ్ణి నేను.

పగిలిన గోడ తర్వాత నేను పూర్తిగా అటు తిరిగిపోయాను. ఒక్క కొత్త రాయి కూడా పెట్టనివ్వను అని పట్టుబట్టాను. కొత్తగా మాల వేసుకున్నవాడు ఇంట్లో అందరికీ నియమాలు చెప్పినట్టు ఆఫీసులో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే, ఆయన చెప్పినదాంట్లో సగం నిజం. ఆ గుడికి వచ్చిన ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు, తాగడానికి నీళ్లు లేవు, ఎండకు నిలబడే చోటు లేదు. ఇవేవీ రాయిని ముట్టుకోకుండా ఇవ్వొచ్చు. మరుగుదొడ్డి కట్టడానికి కూడా నేను అడ్డం చెప్పాను, గుడికి కనుచూపు మేరలో ఉంటుందని. మీరు అంత మూర్ఖంగా ఉండకండి.

చివరికి ఆయన విసిగిపోయి ఒక మాటకు వచ్చారు. "సరే. విప్పిన రాళ్లన్నీ మళ్లీ వాటి వాటి చోట్లో కూర్చుంటే మండపం నీ మాట ప్రకారం. ఒక్క రాయి తగ్గినా పని కాంట్రాక్టరుకు ఇస్తాను, గ్రానైటు దిగుతుంది. సరేనా?"

నేను సరేనన్నాను. రాయి ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

నంబర్లు, పేర్లు

విప్పడానికి మూడు నెలలు పట్టింది. తీసిన ప్రతి రాయికీ ఒక నంబరు. నూనె రంగు రాయిలోకి ఇంకి మరక పడుతుందని సున్నంతో రాశాను. అది మంచి పనే. ఏ నంబరు ఎక్కడిదో ఒకే పెద్ద కాగితం మీద గీశాను. నకలు తీయలేదు. ఇదే నా రెండో తప్పు. మంచి కాగితం, బల్లంత వెడల్పు, గీతలు చూసి నాకే ముద్దొచ్చేది. మండపం పక్కన వేసిన రేకుల షెడ్డులో గోడకు తగిలించి ఉంచాను.

కూలి పనికి దగ్గర్లోని లంబాడీ తండా నుంచి పదిమంది వచ్చేవాళ్లు. వాళ్లకు పెద్ద జమ్లి. నలభై ఏళ్లుంటాయి. వాళ్లలో వాళ్లు వాళ్ల భాష మాట్లాడుకునేవాళ్లు, నాతో తెలుగు. జమ్లికి అంకెలు రావు. అందుకని తన జట్టుకు ప్రతి రాయికీ ఒక పేరు పెట్టింది. కింద తేలు కనిపించింది తేలు రాయి. సోమ్లా వేలు నలిగింది సోమ్లా రాయి. అన్నం గిన్నెలు పెట్టుకున్నది సద్ది రాయి. ఎంతమంది పట్టినా లేవక ఒకచోటే కూర్చుండిపోయింది అత్త రాయి. ఆ పేరు పెట్టిన రోజు తండాలోని కోడళ్లందరూ దాన్ని కాలితో ఒకసారి తన్ని మరీ ఎత్తారు.

"నలభై ఏడు అను జమ్లీ, అత్త రాయి కాదు," అని నేను దిద్దేవాణ్ణి.

"నలభై ఏడంటే నాకెట్ల యాదుంటది సారూ? అత్త అంటే సచ్చేదాంక యాదుంటది."

రాళ్లన్నీ గడ్డిలో వరుసగా పేర్చాం. అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. ఉద్యోగులు, బొగ్గుబావుల కార్మికులు, బడి పంతుళ్లు, బస్సు డ్రైవర్లు, అందరూ పని ఆపేశారు. నేనూ ఆపేశాను. షెడ్డుకు తాళం వేసి మానుకోట వెళ్లి శిబిరంలో కూర్చున్నాను. గొంతు పోయేదాకా నినాదాలిచ్చాను. ఆ రోజుల్లో ఎంత సంతోషంగా ఉన్నానో ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు, జీతం రాని నెలలో అంత సంతోషం ఏమిటంటారు.

వంటా వార్పు

రాస్తారోకో చేసి, ఆ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని అందరూ కలిసి తినడాన్ని వంటా వార్పు అనేవాళ్లం. గూడూరు రోడ్డు మీద అలాంటిది ఉందంటే మేం పదిమందిమి వెళ్లాం. మంచి జనం. డప్పులు, పాటలు. రోడ్డుకు అడ్డంగా పెద్ద పెద్ద రాళ్లు దొర్లించి పెట్టారు, ఇరుపక్కలా లారీలు ఆగి ఉన్నాయి. నాకు ఆకలి మీదుంది. విస్తరిలో అన్నం, పప్పు, వంకాయ కూర వేయించుకుని, కూర్చోవడానికి వీలుగా ఉన్న ఒక రాయి చూసుకుని కూర్చున్నాను. రాయి చల్లగా, నున్నగా, భలే హాయిగా ఉంది.

నాలుగు ముద్దలు తిన్నాక ఎదురుగా పొయ్యి వైపు చూశాను. అన్నం దేగిసా కింద మూడు రాళ్లు. మధ్య రాయి మీద మసి పట్టని చోట, సున్నంతో, అరవై రెండు. నా చేతి రాత. రెండుకు తోక పొడుగ్గా గీయడం నా అలవాటు.

విస్తరి కింద పెట్టాను. లేచి నేను కూర్చున్న రాయి చూశాను. పదిహేడు. రోడ్డుకు అడ్డం పెట్టినవి చూశాను. ముప్పై, పదకొండు, ఎనభై నాలుగు. మండపం సగం గూడూరు రోడ్డు మీదుంది.

"ఏంది సారూ, పప్పుల ఉప్పు తక్కువైందా?" అని వడ్డించే ఆయన అడిగాడు.

"ఈ రాళ్లు ఏడికెల్లి తెచ్చిండ్రన్నా?"

"గా గుడికాడ కుప్పలున్నయి గద. సర్కారోల్లు పారేసిండ్రు. ట్రాక్టర్ల ఏసుకొచ్చినం. గా రాళ్లు మస్తు కుదురుగుంటయి, పొయ్యి జర కూడ ఊగుతలేదు."

కాకతీయుల మేస్త్రీలు విని ఉంటే పొంగిపోయేవాళ్లు. పారేసినట్టు పేర్చింది నేను, కాపలా పెట్టకుండా సమ్మెకు వెళ్లింది నేను, వాటి మీద కూర్చుని పప్పన్నం తిన్నది కూడా నేనే. షెడ్డులో కాగితం ఉంది కదా, నంబర్లు చెరిగినా అదే దిక్కు అనుకుని అటు పరుగెత్తాను. తాళం వేసినట్టే ఉంది, వెనక రేకు మాత్రం ఊడి ఉంది. కాగితం లేదు. అడగ్గా అడగ్గా ఊరి బడి గోడ చూపించారు. నా కాగితాన్ని తిరగేసి, తెల్లగా ఉన్న వైపు బొగ్గుతో జై తెలంగాణ అని గోడంత అక్షరాలు రాసి, గీతలున్న వైపుకు మైదా పిండి పూసి గోడకు అంటించారు. రాత చాలా అందంగా ఉంది. రెండు వానలు కురిసి కాగితం గోడలో కలిసిపోయింది. గీకితే పిండి వచ్చింది, గీతలు రాలేదు.

పని కాని పని

సమ్మెలో ఉన్నవాణ్ణి, పని చేయకూడదు. కానీ రోడ్డు మీది రాళ్లు ఏరుకోవడం పని కిందికి రాదని కొమురయ్యా నేనూ మాలో మేమే తీర్పు చెప్పుకున్నాం. కొమురయ్య బావమరిది ఓదేలు భూపాలపల్లి బొగ్గుబావిలో బరువులెత్తే పని చేసేవాడు. ఆయనా సమ్మెలో ఖాళీగా ఉన్నాడు. ఎవరిదో చైన్ పుల్లీ భుజాన వేసుకుని వచ్చాడు. పొయ్యి కింద పెట్టింది గుడి రాయి అనేసరికి ఊరివాళ్లు కూడా పరేషాన్ అయ్యారు. "గుడి రాళ్లని చెప్పకపోతివి సారూ" అని వాళ్లే ట్రాక్టరు తెచ్చి, దింపి, పసుపు నీళ్లతో కడిగి మరీ ఇచ్చారు. నేను వద్దు వద్దంటున్నా వినకుండా శుభ్రంగా కడిగారు. సున్నం అంకెల్లో మిగిలినవి కూడా ఆ కడుగుడులో పోయాయి.

గడ్డిలో రాళ్ల గుట్ట. నంబరు లేదు, కాగితం లేదు. విశ్వనాథం గారికి కబురు ఎలా చెప్పాలా అని నేను మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాను. గ్రానైటు స్తంభాలు, రంగు లైట్లు కళ్ల ముందు వెలుగుతున్నాయి. జమ్లి వచ్చి రాళ్ల మధ్య అటూ ఇటూ తిరిగింది. ఎప్పుడూ నవ్విస్తూ ఉండే మనిషి ఆ రోజు ఎందుకో నవ్వలేదు. తర్వాత ఒక రాయి మీద కాలు పెట్టింది.

"గిది అత్త రాయి. తూర్పుమూల కాడిది. దీని పక్కకు తేలు రాయి ఉండె. తేలు రాయి మీద సోమ్లా రాయి."

"నీకు యాదున్నయా?" అన్నాను.

"గిన్ని దినాలు మోస్తిమి. ఎట్ల మర్సిపోతం?"

ఆమె చెప్పడం, కొమురయ్య సరిచూడటం. పాత రాళ్లకు ఒకదాంట్లో గాడి, పక్కదాంట్లో బుడిపె ఉంటాయి. జత కుదిరితే రెండూ వెలితి లేకుండా కూర్చుంటాయి. జమ్లి మాట తప్పింది రెండుసార్లో మూడుసార్లో. నేను మళ్లీ రిజిస్టరు రాశాను. ఈసారి మూడు నకళ్లు. నంబరు పక్కన జమ్లి పెట్టిన పేరు కూడా రాశాను. సమ్మె ముగిశాక పని మొదలైంది. ఓదేలు సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి వచ్చి, బావిలో బొగ్గు బండి ఎత్తినంత తేలిగ్గా దూలాలు ఎత్తించాడు. సున్నం గానుగలో ఆడించి, బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ కలిపి పట్టించాం. చిటికెడు సిమెంటు కూడా వాడలేదు.

విశ్వనాథం గారు మధ్యలో ఒకసారి వచ్చి రిజిస్టరు తిరగేశారు.

"ఏవయ్యా, ప్రభుత్వ రికార్డులో ఈ అత్త రాయేంటయ్యా?"

"లేవదు సార్."

ఆయన మండపం వైపు చూశారు, రిజిస్టరు వైపు చూశారు. "మా ఇంట్లో కూడా ఉందిలే" అని సంతకం పెట్టి వెళ్లారు.

ఆ ఒక్కటి

అన్నీ కూర్చున్నాయి, ఒక్కటి తప్ప. మండపంలోకి ఎక్కే చోట, ఎడమ చేతి వైపు, అరుగు రాయి. చిన్న చిన్న ఏనుగులు వరుసగా నడుస్తున్నట్టు చెక్కి ఉండేది. జమ్లి జట్టు దాన్ని పెండ్లి రాయి అనేది. వచ్చినవాళ్ల చూపు మొదట పడేది అక్కడే. ఇప్పుడక్కడ పన్ను ఊడినట్టు ఖాళీ.

రోడ్డు పొడుగునా వెతికాం. కల్వర్టుల కింద చూశాం. జమ్లిని అడిగితే, "గదొక్కటి యాదికి లేదు సారూ" అంది. అన్ని రాళ్లూ గుర్తున్న మనిషికి ఇదొక్కటే గుర్తులేదా అని నాకు రావాల్సిన అనుమానం రాలేదు. పై వారం విశ్వనాథం గారు తనిఖీకి వస్తున్నారు. ఒక్క రాయి తగ్గినా గ్రానైటు. మాట మాటే.

తనిఖీకి రెండు రోజుల ముందు తండాకు నడిచి వెళ్లాను, ఎవరైనా చూశారేమో అడుగుదామని. తండా ఇంకా రాకముందే దారి పక్కన కొత్తగా కట్టిన గద్దె ఒకటి కనిపించింది. సున్నం వేసి ఉంది. మధ్యలో అద్దాల చట్రంలో ఒక యువకుడి ఫోటో. దాని ముందు ఆనించి ఏనుగుల రాయి. బంతిపూల దండ రాయికీ ఫోటోకీ కలిపి వేశారు. ఫోటో కింద రవి అని రాసి ఉంది.

ఆ పేరు నేను విన్నాను. సమ్మె మొదలైన కొత్తలో మానుకోట శిబిరంలో మైకులో చదివారు, తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్నాడని. అందరితోపాటు లేచి రెండు నిమిషాలు నిలబడ్డాను. తర్వాత కూర్చున్నాను. ఏ ఊరు, ఎవరి బిడ్డ అని అడగలేదు.

నీళ్ల బిందెతో వస్తున్న జమ్లి నన్ను చూసి ఆగింది. బిందె దించింది.

"మా తమ్ముడు సారూ," అంది.

నెలల తరబడి నా పక్కన రాళ్లు మోసిన మనిషి. సమ్మె తర్వాత ఆమె నవ్వడం తగ్గించింది, అది కూడా చూశాను. ఎందుకని అడగలేదు. రాళ్ల యోగక్షేమాలు మాత్రం రోజూ అడిగాను.

"డిగ్రీ సదివిండు. ఆయితారం నాడు వచ్చి నాతోని రాళ్లు ఎత్తేటోడు. గీ రాయి వాడే ఎత్తిండు. నీ పెండ్లికి గిట్లనే ఏనుగుల మీద తిప్పుతం రా అని అందరం నవ్వినం. గప్పటి సంది పెండ్లి రాయి అన్నం." ఆమె కొంగుతో రాయి మీది దుమ్ము తుడిచింది. "మర్సిపోలే సారూ. చెప్తె తీస్కపోతవని చెప్పలే. ఇప్పుడు చూస్తివి గద. గుడిది గుడికే పోవాలె. తీస్కపో, నేను అడ్డం రాను."

అడ్డం వస్తే బాగుండేది అనుకున్నాను. పోట్లాడటం నాకు అలవాటే. ఆమె దండ విప్పడానికి చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. వచ్చేశాను, దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

మర్నాడు ఆఫీసుకు వెళ్లి విశ్వనాథం గారి ముందు నిలబడ్డాను. "సార్, ఒక కొత్త రాయి పెట్టడానికి పర్మిషన్ కావాలి."

ఆయన పెన్ను దించి కుర్చీలో వెనక్కి వాలారు. చాలాసేపు నవ్వారు. "ఏడాదిన్నర నా ప్రాణం తోడేశావు, ఒక్కటి కూడా వద్దని. ఇన్నాళ్లకు దారికొచ్చావన్నమాట. ఎందుకో?"

చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. జీపు తీయమన్నారు. తండా దారిలో దిగి, చెప్పులు విడిచి, గద్దె ముందు నిలబడ్డారు. ఫోటో చూశారు, రాయి చూశారు. ఆయన కొడుకుది కూడా అదే వయసని జీపు డ్రైవరు నాకు తర్వాత చెప్పాడు.

తిరిగి వస్తూ ఆయన అడిగారు: "రాయి పోలేదు కదయ్యా?"

"పోలేదు సార్. ఉంది."

"అయితే తగ్గినట్టు కాదు. ఆ చోట్లో ఒకటి పెట్టించు. మిగతావాటి జోలికి ఎవరూ రారు, నాదీ పూచీ."

దగ్గరి గుట్ట నుంచే కొమురయ్య అదే జాతి రాయి తెచ్చాడు. ఏనుగులు చెక్కనా అని అడిగితే వద్దన్నాను. పాతదానిలా కనిపించే కొత్త రాయి పెట్టడం చూసేవాళ్లను మోసం చేయడమే, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. ఉలి దెబ్బలు తెలిసేలా సాదాగా చెక్కి, మూలన చిన్నగా సంవత్సరం వేశాడు, కొత్తదని తెలియడానికి. అది రవి పోయిన సంవత్సరం కూడా. జమ్లి జట్టే దాన్ని ఎత్తి కూర్చోబెట్టింది. దానికి పేరు పెట్టమంటే జమ్లి తల అడ్డంగా ఊపింది.

ఇప్పుడు అక్కడికి బాగానే జనం వస్తున్నారు. మరుగుదొడ్డి కట్టారు, నీళ్ల కుళాయి ఉంది, విశ్వనాథం గారి మాట నిజమై రెండు కొట్లు కూడా వెలిశాయి. మీలో ఎవరికైనా ఆ గుడి బాధ్యత వస్తుంది. ఉత్సాహం ఉన్నవాళ్లెవరో, అసలు రాయి తండా దారిలో ఉందట, తెచ్చి పెట్టేద్దాం, మండపం పూర్తవుతుంది అంటారు. నేనైనా ఆ వయసులో అలాగే అనేవాణ్ణి. ముందు రిజిస్టరు తీయండి. తొంభై మూడో వరుస, పెండ్లి రాయి. ఉన్న చోటు అన్న దగ్గర 'తండా దారి, రవి గద్దె' అని ఉంటుంది. స్థితి అన్న దగ్గర 'బాగుంది, తీయరాదు' అని ఉంటుంది. కింద నా సంతకం, విశ్వనాథం గారి సంతకం. వాటి పక్కన జమ్లి వేలిముద్ర వేసింది. వేసేముందు అందులో ఏం రాశామో నాతో రెండుసార్లు చదివించుకుంది.